మత్తు లేని గంటలే మనవి

ఇంట్లో ఒకరు డ్రగ్స్ తీసుకుంటున్నారని తెలిసిన రోజు నుంచి ఇంటిల్లిపాదీ బతుకు ఆ మనిషి చుట్టే తిరుగుతుంది. రాత్రి ఇంటికి రాకపోతే అందరూ మేలుకొని కూర్చుంటారు. తెల్లవారుజామున నాలుగింటికి తలుపు చప్పుడైతే తండ్రి అరుస్తాడు, తల్లి ఏడుస్తుంది, అక్క అడ్డం పడుతుంది. దేవుడి పటం ముందు నిలబెట్టి ఒట్టు వేయించుకుంటారు. ఆ గొడవలోనే ఎవరో ఒకరు, వాడు ఏమైపోతాడోనన్న భయంతో, అడిగిన డబ్బు చేతిలో పెడతారు. తర్వాత రెండు మూడు రోజులు వాడు ఏమీ ముట్టకుండా ఇంట్లోనే ఉంటాడు. స్నానం చేస్తాడు, అన్నం తింటాడు, టీవీ ముందు కూర్చుంటాడు. ఆ రోజుల్లో మాత్రం ఎవరూ పలకరించరు. అలసిపోయి ఉంటారు, మనసు విరిగి ఉంటారు. పలకరిస్తే దెప్పిపొడుపే: "ఇప్పుడు గుర్తొచ్చిందా ఇల్లు?"

అంటే ఆ ఇంట్లో ఉన్న ప్రేమ, కోపం, డబ్బు, సమయం మొత్తం మత్తు రోజులకే ఖర్చయిపోతున్నాయి. మత్తు లేని రోజులకు మిగిలేది మౌనం, అనుమానం. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నది ఈ లెక్కను తిరగెయ్యమనే. మత్తులో ఉన్న మనిషితో మన పని చాలా తక్కువ. మత్తు లేని గంటల్లోనే మన పనంతా ఉంది.

ఇక్కడ వాడు అంటున్నానని అబ్బాయే అనుకోకండి. అమ్మాయి కావచ్చు, భర్త కావచ్చు, పక్క గదిలో ఉండే స్నేహితుడు కావచ్చు.

ఇది మనకు తెలిసిన మత్తు కాదు

మందు తాగే మనిషితో ఎలా నెట్టుకురావాలో మన ఊళ్లకు తరాల అనుభవం ఉంది. ఎప్పుడు ఎదురు చెప్పకూడదో, ఎప్పుడు నిలదీయాలో ప్రతి వాడలోనూ తెలిసిన పెద్దావిడ ఒకరుంటారు. కొకైన్, మెథాంఫెటమిన్, ఎండీఎంఏ, మెఫెడ్రోన్ లాంటి వాటి దగ్గరికి వచ్చేసరికి ఆ అనుభవం పనికిరాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వే నివేదిక 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో మద్యం తీసుకునేవారు 14.6 శాతమని తేలితే, ఆంఫెటమిన్ తరహా మత్తు పదార్థాలు వాడేవారు 0.18 శాతం, కొకైన్ వాడేవారు 0.10 శాతం. శాతంలో చిన్న సంఖ్యే. అందుకే ఈ కష్టం వచ్చిన కుటుంబం చుట్టూ చూస్తే, ఇలాంటి కష్టమే పడ్డ ఇంకో ఇల్లు కనిపించదు. అడగడానికి మనిషి ఉండడు. సిగ్గుకు తోడు ఒంటరితనం.

కాబట్టి ముందు ఈ మత్తు నడిచే తీరు తెలుసుకోవాలి. ఇవి మనిషిని జోకొట్టే పదార్థాలు కావు, పరుగెత్తించేవి. శుక్రవారం రాత్రి మొదలుపెట్టినవాడు ఆదివారం దాకా నిద్రపోకపోవచ్చు. ఆకలి ఉండదు, మాట ఆగదు. దవడ బిగుసుకుపోయి పళ్లు నూరుతుంటాడు. వెలుతురులో కూడా కంటిపాపలు పెద్దవిగానే ఉంటాయి. బీరువాలోని బట్టలన్నీ కింద పోసి మళ్లీ సర్దడం, ఫోన్ విప్పి బిగించడం లాంటి పని ఒకటి పట్టుకుని గంటల తరబడి చేస్తూనే ఉంటాడు. ఆ తర్వాత మత్తు దిగుతుంది. దిగడం అంటే మామూలుగా దిగడం కాదు, ఒక్కసారిగా కూలబడిపోవడం. పగలూ రాత్రీ తేడా లేకుండా నిద్రపోతాడు. లేచి గిన్నెలో ఉన్నదంతా తింటాడు, మళ్లీ పడుకుంటాడు. ముఖంలో వెలుగుండదు. దేని మీదా ఆసక్తి ఉండదు. బతకడం ఎందుకన్న ఆలోచన కూడా రావచ్చు.

సరిగ్గా ఇక్కడే ఇంట్లోవాళ్లు పొరపడతారు. మూడు రోజులుగా లోపల దాచుకున్న కోపమంతా ఈ నిద్ర మీద పడుతుంది. మధ్యాహ్నం రెండింటికి దుప్పటి లాగి, "తిని పడుకోవడానికి సిగ్గులేదా?" అని మొదలుపెడతారు. అది బద్ధకం కాదు. డోపమిన్ అనే రసాయనం మెదడులో మనకు ఉత్సాహాన్నీ, ఒక పని చేయాలన్న కోరికనూ పుట్టిస్తుంది. ఈ మత్తుమందులు దాన్ని ఒక్కసారిగా కుమ్మరించేస్తాయి. ఆ తర్వాత కొన్నాళ్లు మెదడుకు కరువు. ఆ కరువులో ఉన్నవాడికి మీ ఉపన్యాసం ఎక్కదు. ఎక్కేది అవమానం ఒక్కటే. ఆ అవమానం నుంచి తప్పించుకోవడానికి వాడికి తెలిసిన దారి కూడా ఒక్కటే.

పడుకోనివ్వండి. ఆ గదిలో మంచినీళ్లు పెట్టండి, అప్పుడప్పుడూ తొంగిచూడండి. లేచాక పెరుగన్నమో, ఇడ్లీయో ఏదో ఒకటి తిననివ్వండి. ఆ పూట మందలింపులు వద్దు. బాగా నిద్రపోయి, రెండు పూటలు తిని, మర్నాడో ఆ మర్నాడో హాల్లోకి వచ్చి కూర్చుంటాడు చూడండి, మీరు మాట్లాడవలసిన మనిషి అప్పుడు వస్తాడు.

పంచాయితీ కన్నా పలకరింపు మేలు

డ్రగ్స్ సంగతి బయటపడగానే మన ఇళ్లలో జరిగేది పంచాయితీ. మేనమామ వస్తాడు, బాబాయి వస్తాడు, నాన్నగారి స్నేహితుడైన రిటైర్డు అధికారి ఒకాయన వస్తారు. మధ్యలో కుర్చీలో వాణ్ని కూర్చోబెట్టి అందరూ కలిసి నిలదీస్తారు. అమెరికాలోనూ ఇలాంటి పద్ధతి ఒకటి చాలాకాలం బాగా ప్రచారంలో ఉండేది. అది ఏ మేరకు పనిచేస్తుందో న్యూ మెక్సికో విశ్వవిద్యాలయంలో విలియం మిల్లర్, రాబర్ట్ మేయర్స్ బృందం పరీక్షించి 1999లో ఫలితాలు ప్రచురించింది. చికిత్స ససేమిరా వద్దనే తాగుబోతుల కుటుంబ సభ్యులు 130 మందిని తీసుకుని మూడు రకాలుగా శిక్షణ ఇచ్చారు. అందరూ చుట్టుముట్టి నిలదీసే పద్ధతి నేర్చుకున్న కుటుంబాల్లో 30 శాతం ఇళ్లలోనే ఆ మనిషి చికిత్సకు వచ్చాడు. అసలు ఆ నిలదీసే సమావేశం దాకా వెళ్లడానికే ఎక్కువ కుటుంబాలకు మనసొప్పలేదు. తాగేవారి బంధువుల సంఘాల దారిలో వెళ్లిన ఇళ్లలో 13 శాతం. ఆ సంఘాలు బంధువుల మనశ్శాంతి కోసం పెట్టుకున్నవి కాబట్టి ఆ సంఖ్యను పట్టుకుని వాటిని తప్పుపట్టనక్కర్లేదు. మేయర్స్ రూపొందించిన మూడో పద్ధతి పేరు క్రాఫ్ట్. అది నేర్చుకున్న ఇళ్లలో 64 శాతం మంది చికిత్సకు వచ్చారు. తర్వాత డ్రగ్స్ వాడేవారి కుటుంబాలతో చేసిన అధ్యయనాల్లోనూ ఈ పద్ధతే ముందు నిలిచింది.

ఇందులో మంత్రమేమీ లేదు. మత్తు లేనప్పుడు ఇంట్లో ఉండటం హాయిగా ఉండాలి. మత్తులో వచ్చినప్పుడు ఆ హాయి దొరకకూడదు, గొడవ కూడా దొరకకూడదు. మత్తు తెచ్చిపెట్టే నష్టం వాడి మీదే పడాలి, దాన్ని మనం మోయకూడదు. మనసు మెత్తబడిన ఘడియలో చికిత్స మాట ఎత్తాలి. అప్పటికి డాక్టరు అపాయింట్‌మెంటు సిద్ధంగా ఉండాలి.

ఒక ఇల్లు ఊహించుకుందాం. కూకట్‌పల్లిలో అపార్టుమెంటు. తల్లి, తండ్రి, పెళ్లయి రెండు వీధుల అవతల ఉండే అక్క. తమ్ముడికి ఇరవై ఆరేళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. శనివారం పొద్దున మత్తులో వచ్చాడు, మాటలు ఆగడం లేదు. తండ్రికి గొంతు పైకి లేవబోతుంది. అక్క అంటుంది: "నాన్నా, ఇప్పుడొద్దు." తమ్ముడితో ఆమె చెప్పేది రెండే ముక్కలు. "చిన్నా, నువ్వు ఏదో తీసుకుని వచ్చావు. ఇప్పుడు నీతో కూర్చోను, రేపో ఎల్లుండో మాట్లాడుకుందాం." తర్వాత నిజంగానే లేచి అమ్మను తీసుకుని తన ఇంటికి వెళ్తుంది. తలుపు దబాలున వెయ్యదు, చెప్పిందే చెప్పి సాధించదు. తండ్రి మాత్రం పక్క గదిలో ఉండి, వాడి ఒంట్లో ఎలా ఉందో కనిపెడుతుంటాడు.

సోమవారం సాయంత్రం. నిద్ర తీరింది, కడుపు నిండింది. అక్క వచ్చి కూర్చుంది. ఇప్పుడు ఆమె దగ్గర రెండు దారులున్నాయి. మొదటిది మనందరికీ నోటికొచ్చినది: "అమ్మ బీపీ ఎంతుందో తెలుసా నీకు? నీవల్లే. మా అత్తగారి ముందు తలెత్తుకోలేకపోతున్నాను." ప్రతి మాటా నిజమే. కానీ ఆ నిజానికి తమ్ముడు ఇచ్చే జవాబు లేచి చెప్పులేసుకుని వెళ్లిపోవడం. రెండో దారి ఇలా ఉంటుంది: "నిన్న రాత్రి నువ్వు అమ్మ పక్కన కూర్చుని తిన్నావు చూడు, నాకు ఎంత బాగనిపించిందో. ఏమీ తీసుకోకుండా ఉన్నప్పుడు నీతో మాట్లాడుతుంటే పాత చిన్నాగాడే అనిపిస్తావు. శనివారం నిన్ను చూస్తే మాత్రం భయమేసిందిరా. నీకూ నిద్ర పట్టక, గుండె దడదడలాడి నరకంగానే ఉండి ఉంటుంది. ఒక డాక్టరును కలుద్దామా? నేనూ వస్తాను. ఒక్కసారి వెళ్లి చూద్దాం. ఆయన నచ్చకపోతే ఇంకొకరిని చూద్దాం."

ఇందులో ఏముందో చూడండి. మాట మంచితో మొదలైంది. "నువ్వు ఇలాంటివాడివి" అనకుండా "నాకు ఇలా అనిపించింది" అంది. వాడి బాధను వాడి వైపు నుంచి గుర్తించింది. జీవితాంతం మానేస్తానని మాట ఇమ్మనలేదు, ఒక్కసారి డాక్టరు దగ్గరికి రమ్మంది. మొదటిసారి "నాకేం జబ్బు లేదు" అంటాడనుకోండి. అక్క వాదన పెట్టుకోదు. "సరే, ఎప్పుడు అనిపిస్తే అప్పుడు చెప్పు" అని వదిలేసి, తమ్ముడితో కలిసి టీ తాగుతుంది. కొన్ని వారాల తర్వాత ఇంకో మంచి పూట చూసి మళ్లీ అడుగుతుంది. ఉద్యోగం పోయే పరిస్థితి వచ్చినప్పుడు, స్నేహితుడొకడు ఆస్పత్రిపాలైనప్పుడు, మనసు తనంతట తానే మెత్తబడుతుంది. ఆ రోజు "చూద్దాంలే" అని వాడన్న మాట ఇరవై నాలుగు గంటల్లో ఆవిరైపోతుంది. అందుకే ఏ డాక్టరు, ఏ రోజు, ఎంత ఖర్చు అన్నవి మీరు ముందే కనుక్కుని పెట్టుకోవాలి.

మత్తు లేని రోజులకు ఏదో ఒక కళ తెమ్మంటే చాలామంది తండ్రులకు కోపం వస్తుంది. "తప్పు చేసినవాడికి మర్యాదలా?" అంటారు. మీరు మర్యాద చేస్తున్నది తప్పుకు కాదు, మానుకున్న ఆ రోజుకు. ఈ జబ్బు మీద జరిగిన పరిశోధనల్లో అన్నిటికన్నా గట్టి ఫలితాలిచ్చిన చికిత్స కూడా ఈ సూత్రం మీదే నిలబడింది. 1990ల తొలినాళ్లలో వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్, కొకైన్ వాడేవారి మూత్ర పరీక్షలో మత్తుమందు ఆనవాళ్లు లేకపోతే అక్కడికక్కడే ఒక కూపన్ ఇచ్చేవాడు. దాంతో పనికొచ్చే వస్తువులు తీసుకోవచ్చు. ఎన్నిసార్లు వరసగా శుభ్రంగా ఉంటే కూపన్ విలువ అంత పెరిగేది. ఎప్పుడో దొరకబోయే మంచి జీవితం కన్నా ఇవాళే అందిన చిన్న సంతోషం ఆ మెదడుకు అర్థమవుతుంది. అయితే ఇంట్లో మూత్ర పరీక్షలు పెట్టకండి. అది ఆస్పత్రి పని. ఇంట్లో మొదలుపెడితే అమ్మానాన్నలు పోలీసులైపోతారు, వాడు దొంగైపోతాడు. కలిసి సినిమాకు వెళ్లడం, ఇష్టమైన కూర వండటం, నాన్న తనంతట తాను వచ్చి క్రికెట్ స్కోరు అడగడం చాలు.

డబ్బు దగ్గర గట్టిగా, మనిషి దగ్గర మెత్తగా

డబ్బు విషయంలో నాది ఖండితమైన అభిప్రాయం. చేతికి నగదు ఇవ్వకండి. ఆకలి అంటే అన్నం పెట్టండి. ఫీజు కట్టాలంటే మీరే కాలేజీకి కట్టండి. అద్దె అయితే ఇంటి ఓనరుకు పంపండి. లోన్ యాప్‌లో తెచ్చిన అప్పు తీర్చమని ఏడుస్తాడు. ఒకసారి తీరిస్తే ఆ యాప్ మళ్లీ అప్పిస్తుంది. తీర్చాల్సి వచ్చినా చికిత్స మొదలయ్యాక, వాడి జీతంలోంచి, వాడి చేతే వాయిదాలుగా కట్టించండి. బెదిరింపు ఫోన్లు వస్తే గుట్టుగా డబ్బు పంపకుండా పోలీసుల దగ్గరికి వెళ్లండి. గొలుసు, ఏటీఎం కార్డు, ఫోన్‌పే పిన్ భద్రం చేసుకోవడం అనుమానం కింద లెక్కకాదు. చేతికందేలా ఉంచడమే వాడికి పరీక్ష పెట్టడం.

వాడి ఆఫీసుకు ఫోన్ చేసి "జ్వరమండీ" అని చెప్పే పని ఆపండి. ప్రతి సోమవారం జ్వరం రాదని ఆ మేనేజరుకూ తెలుసు. వాంతి చేసుకున్న దుప్పటి, పగలగొట్టిన అద్దం ఒంట్లో ఓపిక వచ్చాక వాడినే శుభ్రం చేయనివ్వండి.

గీత గీసేటప్పుడు మాత్రం ఒక్క జాగ్రత్త. చేయలేని మాట అనకండి. "ఇంకోసారి తీసుకుంటే గడప తొక్కనివ్వను" అని ఎన్ని ఇళ్లలో అంటారో, ఆ మాట మీద నిలబడే ఇల్లు అంత అరుదు. నిలబడని మాట ఒక్కొక్కటీ, ఈ ఇంట్లో ఏ మాటకూ విలువ లేదని నేర్పుతుంది. "మత్తులో వస్తే బైకు తాళం ఇవ్వను" అనండి, ఇవ్వకండి. చెయ్యెత్తితే మాత్రం చర్చ లేదు. అక్కడినుంచి వెళ్లిపోండి, 112కు ఫోన్ చేయండి. భార్యలకు నేను ప్రత్యేకంగా చెబుతున్నాను: కొట్టే మనిషిని మార్చే బాధ్యత మీది కాదు. ముందు మీరు, పిల్లలు భద్రంగా ఉండాలి. ఈ అధ్యాయంలో చెప్పిన మిగతావన్నీ ఆ తర్వాతే.

"పెళ్లి చేస్తే దారికొస్తాడు" అనే పెద్దల మాటను దయచేసి వినకండి. అది ఇంకొకరి బిడ్డను ఈ మంటలోకి తోయడమే.

ఆగకూడని సందర్భాలు

కొన్నిసార్లు మంచి పూట కోసం ఎదురుచూడటం ప్రాణం మీదికి తెస్తుంది. ఒళ్లు కాలిపోతున్నా, ఛాతీలో నొప్పన్నా, ఫిట్స్ వచ్చినా, ఒకవైపు చెయ్యీ కాలూ పడిపోయినా, ఎక్కడున్నాడో తెలియనంత అయోమయంలో ఉన్నా 108 పిలవండి. ఈ మత్తుల్లో వయసులో ఉన్నవాడికి కూడా గుండెపోటు, పక్షవాతం రావచ్చు. ఒళ్లు వేడిగా ఉంటే చల్లటి చోటికి తీసుకెళ్లి, బిగుతు బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో తుడవండి. నలుగురూ కలిసి అదిమిపట్టడం, తాళ్లతో కట్టేయడం వద్దు. దాంతో ఒంటి వేడి ఇంకా పెరుగుతుంది. ఎండీఎంఏ తీసుకున్నవాడికి లీటర్లకు లీటర్లు నీళ్లు తాగించడం కూడా ప్రమాదమే, రక్తంలో సోడియం పడిపోతుంది. డాక్టరు అడిగితే పరువు చూసుకోకుండా ఏం తీసుకున్నాడో ఉన్నదున్నట్టు చెప్పండి. మందు కూడా తాగి ఉంటే అదీ చెప్పండి. మద్యం, కొకైన్ కలిస్తే కాలేయంలో మూడో పదార్థం తయారై గుండె మీద భారం పెరుగుతుంది.

ఎక్కువగా వాడేవారికి కొందరికి భ్రమలు మొదలవుతాయి. గోడ వెనక ఎవరో మాట్లాడుతున్నారంటాడు, నాన్నే తన ఫోన్‌లో కెమెరా పెట్టించాడంటాడు, చర్మం కింద పురుగులు పాకుతున్నాయని గీరుకుంటాడు. "అదేం లేదు, పిచ్చా నీకు?" అని వాదించకండి. అవునవునని కూడా అనకండి. "నీకు చాలా భయంగా ఉన్నట్టుంది, నేనిక్కడే ఉన్నాను" అని నెమ్మదిగా, కాస్త దూరంగా కూర్చుని చెప్పండి. టీవీ ఆపండి, ఎక్కువమంది గదిలో లేకుండా చూడండి, కత్తులూ కత్తెరలూ తీసేయండి. మానేశాక చాలామందిలో ఇవి కొన్ని రోజుల్లో, వారాల్లో తగ్గుతాయి. అయినా సైకియాట్రిస్టు చూడాల్సిందే.

మత్తు దిగి కూలబడిన రోజుల్లో చావు మాట ఎత్తితే "బెదిరిస్తున్నాడు" అని కొట్టిపారేయకండి. "చనిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. ఇంట్లో పురుగుమందు, నిద్రమాత్రలు ఉంటే ఆ పూటే తీసేయండి. ఒంటరిగా వదలకండి. 14416 టెలీ మానస్‌కు ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

చికిత్స, చట్టం

మద్యం వ్యసనానికీ, నల్లమందు తరహా వ్యసనాలకీ మందులున్నాయి. మనిషిని పరుగెత్తించే ఈ మత్తుమందుల వ్యసనానికి అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. నిద్రకు, దిగులుకు, భ్రమలకు డాక్టరు మందులిస్తారు. అసలు చికిత్స వారం వారం జరిగే కౌన్సెలింగే. అందుకే "మీవారికి తెలియకుండా అన్నంలో కలపండి, నెలలో మానేస్తారు" అనే ప్రకటనల జోలికి వెళ్లకండి. అలాంటి వాటిలో ఏముంటుందో తెలియదు. తాగుడు మానడానికి ఇచ్చే డైసల్ఫిరామ్‌ను చెప్పకుండా కలిపి పెడితే, పైన మందు తాగినప్పుడు ప్రాణానికే ముప్పు.

హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల, వైద్య కళాశాలల అనుబంధ ఆస్పత్రుల్లో సైకియాట్రీ విభాగాలు ఉన్నాయి. ప్రైవేటు డీఅడిక్షన్ సెంటరులో చేర్చేముందు స్వయంగా వెళ్లి చూడండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ రిజిస్ట్రేషన్ ఉందా, సైకియాట్రిస్టు వారంలో ఎన్ని రోజులు వస్తారు, ఇంటివాళ్లు కలవవచ్చా అని అడగండి. "మూడు నెలలు మీరు రావద్దు, మేం దారిలో పెడతాం" అన్నారంటే లేచి వచ్చేయండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, మత్తుమందుల వాడకం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా మానసిక అనారోగ్యం కిందే లెక్కిస్తుంది. ఆ చట్టంలోని 95వ సెక్షన్ రోగిని గొలుసులతో కట్టేయడాన్ని పూర్తిగా నిషేధించింది. 23వ సెక్షన్ ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. ఇష్టం లేని మనిషిని చేర్చుకోవాలంటే కూడా పద్ధతి ఉంది. తనకో ఇతరులకో హాని చేసే స్థితి, లేదా తనను తాను చూసుకోలేని స్థితి ఉండాలి. సైకియాట్రిస్టు, మరో నిపుణుడు వేర్వేరుగా పరీక్షించాలి. అలా 89వ సెక్షన్ కింద మొదట 30 రోజుల వరకే ఉంచవచ్చు. అర్ధరాత్రి నలుగురు మనుషులొచ్చి వ్యాన్‌లో ఎక్కించుకుపోవడం చట్టంలో ఎక్కడా లేదు. అలా ఎత్తుకుపోయిన బిడ్డ తిరిగొచ్చాక అమ్మానాన్నలను నమ్మడం చాలా కష్టం.

ఆస్పత్రికి వెళ్తే పోలీసు కేసవుతుందన్న భయం చాలామందిని ఇంట్లోనే ఆపేస్తోంది. డ్రగ్స్ కేసులు టీవీల్లో రోజుల తరబడి నడవడం చూసినవాళ్లకు ఆ భయం సహజమే. కానీ 1985 నాటి ఎన్డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది. మత్తుకు బానిసైన వ్యక్తి తనంతట తాను ప్రభుత్వ ఆస్పత్రిలోనో, ప్రభుత్వం గుర్తించిన సంస్థలోనో చికిత్స తీసుకుంటే, వాడినందుకూ చిన్న పరిమాణం దగ్గర ఉన్నందుకూ పెట్టే కేసుల్లో విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. చిన్న పరిమాణం అన్నది నిజంగా చిన్నదే: కొకైన్ అయితే 2 గ్రాములు, ఎండీఎంఏ అయితే అర గ్రాము. స్నేహితులకు అమ్మినా, చేరవేసినా ఈ రక్షణ వర్తించదు. ఇప్పటికే కేసు ఉంటే ముందు లాయరును కలవండి. గదిలో పొట్లం దొరికితే రుజువు కోసమని మీ బీరువాలో దాచకండి. అది మీ దగ్గర దొరికినట్టే అవుతుంది.

పిల్లలు అమెరికాలోనో, బ్రిటన్‌లోనో ఉంటే పని ఇంకా కష్టం. అక్కడ చదువుల ఒత్తిడిలో ఏకాగ్రత కోసం ఆడెరాల్ లాంటి మాత్రలను ప్రిస్క్రిప్షన్ లేకుండా వాడటం మొదలుపెట్టే విద్యార్థులున్నారు. అదీ ఆంఫెటమినే. మీరు చేసే వీడియో కాల్ సమయం మార్చండి, వాడు నిద్రపోయి లేచిన పూట మాట్లాడండి. వీసా సంగతి ఎత్తి బెదిరించకుండా, యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటరుకు వెళ్లమని చెప్పండి. అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలకు 988 ఉంది.

మళ్లీ తీసుకుంటే

తీసుకోవచ్చు. నెల శుభ్రంగా ఉండి, జీతం పడిన రోజు రాత్రి మళ్లీ తీసుకోవచ్చు. మెదడు నెలలో బాగుపడదు. నోరా వోల్కో బృందం 2001లో ప్రచురించిన పరిశోధనలో, మెథాంఫెటమిన్ వాడినవారు ఏడాదికి పైగా మానేశాకే మెదడులో దెబ్బతిన్న డోపమిన్ వ్యవస్థ చెప్పుకోదగ్గంత కోలుకున్నట్టు స్కానుల్లో కనిపించింది. ఆ లోపు వాడికి ఏ సినిమా రుచించదు, ఏ పండగా పండగలా ఉండదు. "మానేశావుగా, ఇంకా ముఖం అలా పెట్టుకుంటావేం?" అని అడగకండి. మళ్లీ తీసుకున్నాడంటే అంతవరకూ చేసినదంతా గంగలో కలిసిపోయినట్టు కాదు. ఏ రోజు, ఎవరితో, ఎంత డబ్బుతో జరిగిందో నిదానంగా చూడండి. జీతం రోజు అక్కతో కలిసి భోజనమని ముందే అనుకోవచ్చు. పాత నంబర్లున్న సిమ్ మార్చవచ్చు. మర్నాడే కౌన్సెలర్ దగ్గరికి వెళ్లవచ్చు. మానేసి మళ్లీ మొదలుపెట్టినవారి ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి తగ్గి ఉంటుంది, కాబట్టి ఆ రాత్రి మరింత కనిపెట్టి ఉండండి.

ఈ మధ్యలో మీ సంగతి మరిచిపోకండి. అక్కకు తన పిల్లలున్నారు, తల్లికి మోకాళ్ల నొప్పులున్నాయి, తండ్రి పొద్దున నడక మానేసి ఏడాదై ఉంటుంది. నడకకు వెళ్లండి. నమ్మకమైన ఒక్కరికి, పెద్దమ్మకో స్నేహితుడికో, ఉన్నదంతా చెప్పుకోండి. మేయర్స్ పద్ధతిలో శిక్షణ పొందినవారిలో, ఇంట్లో మనిషి చికిత్సకు ఒప్పుకోకపోయినా తమ దిగులు, కోపం తగ్గినవారు ఉన్నారు. పెద్ద నగరాల్లో నార్కోటిక్స్ అనానిమస్ సమావేశాలు జరుగుతాయి. మానేసి ఏళ్లు గడిచినవాళ్లు అక్కడ కనిపిస్తారు. వాళ్లను చూశాకే మానడం సాధ్యమని నమ్మకం కుదిరిన ఇళ్లున్నాయి.

కేంద్ర ప్రభుత్వం మత్తు విముక్తి కోసం నడిపే టోల్ ఫ్రీ నంబరు 14446. ఆ ఫోన్ చేయడానికి మీ అబ్బాయి ఒప్పుకోవాల్సిన పని లేదు, వాడికి చెప్పాల్సిన పని కూడా లేదు. మీ జిల్లాలో దగ్గరి కేంద్రం ఎక్కడుంది, ఎవరిని కలవాలి అని మీ కోసం మీరే అడగండి. వాడు "సరే, వస్తా" అనే పూట రాకముందే, ఇవాళే అడిగి పెట్టుకోండి.